మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్క్

మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్క్ అనగా టవరు, కేబులు వంటి స్థిరమైన ఏర్పాట్లు లేకుండా, కదిలే రేడియో పరికరాలు తమలో తాము ఏర్పరచుకొనే తాత్కాలిక నెట్‌వర్క్. ఇందులోని ప్రతి పరికరాన్ని నోడ్ అంటారు. నోడ్ తన సందేశాలను పంపడమే గాక, ఇతర నోడ్‌ల సందేశాలను కూడా ముందుకు చేరవేస్తుంది. నోడ్‌లు కదిలే కొద్దీ వాటి మధ్య సంబంధాలు తెగుతూ, కలుస్తూ ఉంటాయి.

చరిత్ర

1970వ దశకంలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా చేపట్టిన ప్యాకెట్ రేడియో ప్రయోగాలు వీటికి మూలం. ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ 1997లో వీటికై ప్రత్యేక కార్యవర్గాన్ని ఏర్పరచింది.

మార్గాన్ని కనుగొనే పద్ధతులు

* ముందస్తు పద్ధతి: ప్రతి నోడ్ మిగిలిన అన్ని నోడ్‌లకు మార్గాల పట్టికను సిద్ధంగా ఉంచుకుంటుంది. ఉదాహరణ ఓఎల్ఎస్ఆర్ (2003). మార్గం వెంటనే దొరుకుతుంది గాని, పట్టికను తాజాగా ఉంచడానికి బ్యాటరీ ఖర్చవుతుంది.
* అవసరాన్ని బట్టి వెదికే పద్ధతి: సందేశం ఉన్నపుడే నోడ్ తన పొరుగు నోడ్‌లను మార్గం అడుగుతుంది. ఆ ప్రశ్న చేతులు మారుతూ గమ్యం చేరుతుంది, జవాబు అదే దారిన తిరిగి వస్తుంది. ఉదాహరణ ఏఓడీవీ (2003). దారిలో ఒక లంకె తెగితే మళ్ళీ వెదకాలి.

సంబంధం అసలే లేనపుడు

పై రెండు పద్ధతులూ, పంపే సమయానికి గమ్యం వరకు పూర్తి మార్గం ఉన్నపుడే పనిచేస్తాయి. అది లేనిచోట ఆలస్యాన్ని సహించే నెట్‌వర్క్‌లను వాడతారు. వీటిలో నోడ్ సందేశాన్ని తనవద్ద భద్రపరచి, మోసుకుపోయి, మరొక నోడ్ ఎదురైనపుడు అందజేస్తుంది. సందేశం ఆలస్యమైనా పోకుండా ఉంటుంది. ఇందుకు వాడే బండిల్ ప్రోటోకాల్ 2007లో వెలువడింది, దాని 7వ రూపం 2022లో వచ్చింది.

ఆత్మకూరు ప్రాంతం

నంద్యాల జిల్లా (2022 వరకు కర్నూలు జిల్లా) ఆత్మకూరును ఆనుకొని ఉన్న నల్లమల అడవులు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరుతో సంబంధాలు తెగిపోయాయి. విస్తృతంగా గాలించినా, దాని శకలాలు మరునాడు గాని పావురాలగుట్ట వద్ద కనబడలేదు. అందులోని ఐదుగురూ మరణించారు.

గుట్టలు, లోయలు రేడియో తరంగాలను అడ్డగించే ఇటువంటి అడవిలో, గుట్ట దాటిన గాలింపు బృందానికి మిగిలిన బృందాలతో సంబంధం తెగే అవకాశం ఎక్కువ. అక్కడ మోసుకుపోయే పద్ధతే ఉపయోగపడుతుంది. పులుల అభయారణ్యాలలో గస్తీ కోసం 2010లో ప్రవేశపెట్టిన ఎం-స్ట్రైప్స్ అడ్‌హాక్ నెట్‌వర్క్ కాకపోయినా, దాని సూత్రం ఇటువంటిదే: సిబ్బంది నడిచిన దారి, చూసిన జాడలు పరికరంలో నిలువ ఉండి, తరువాత కార్యాలయపు కంప్యూటరుకు చేరుతాయి.