యుద్ధభూమి ఈజ్‌మెంట్: హోసూరు, కృష్ణగిరి ప్రాంతం

పోరు జరిగిన నేలను కొనకుండానే, దానిపై కట్టడాలు లేవకుండా శాశ్వతంగా ఆపే రిజిస్టర్డ్ ఒప్పందాన్ని సంరక్షణ ఈజ్‌మెంట్ అంటారు. భూమి యజమానిదే. దున్నుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు. ప్లాట్లు వేసే హక్కును మాత్రం ఒక ట్రస్టుకో ప్రభుత్వ సంస్థకో వదులుకుంటాడు. ఆ తర్వాత భూమి ఎందరి చేతులు మారినా షరతు దానితోపాటే పోతుంది. అమెరికాలో అంతర్యుద్ధం నాటి పొలాలను ఈ పద్ధతిలోనూ కాపాడుతున్నారు. మొదట్లో అక్కడి ప్రభుత్వం భూసేకరణకే దిగింది. గెటిస్‌బర్గ్‌లో ట్రాము కంపెనీ భూమిని అలా తీసుకోవడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1896లో తీర్పిచ్చింది. ఈజ్‌మెంట్ దానం చేసినవారికి పన్ను మినహాయింపు 1980లో స్థిరపడ్డాక ఈ పద్ధతి ఊపందుకుంది.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ఇలాంటి ఒప్పందానికి తగిన నేలకు కొదవ లేదు. తూర్పు మైదానం నుంచి మైసూరు పీఠభూమికి ఎక్కే కనుమలు ఇక్కడ ఉండటంతో మైసూరు యుద్ధాల్లో సేనలు పదేపదే ఈ దారినే నడిచాయి. 1768 నవంబరులో హైదర్ అలీ హోసూరును ముట్టడించాడు. దాన్ని విడిపించడానికి బయలుదేరిన ఈస్టిండియా కంపెనీ సేనాని కర్నల్ వుడ్ బరువైన ఫిరంగులను, సామాను బండ్లను బాగలూరులో వదిలి వెళ్లాడు. అతను హోసూరు చేరగానే హైదర్ బాగలూరు మీద పడ్డాడు. కోట తలుపులు మూసేశారు. పేటలోని బండ్లవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు లోపలికి పోదామని ద్వారం దగ్గర ఎగబడి తొక్కిసలాటలో నలిగి చనిపోయారు. ఫిరంగులు హైదర్ వశమయ్యాయి.

1791 జులైలో హోసూరు, రాయకోట ఇంగ్లీషువారి చేతికి చిక్కాయి. కృష్ణగిరి చిక్కలేదు. నవంబరు 7 రాత్రి మాక్స్‌వెల్ నడిపిన ఇంగ్లీషు సేన కింది కోటను, పేటను పట్టుకుని, పారిపోతున్న మైసూరు సిపాయిల వెంటే కొండెక్కబోయింది. పైనున్నవారు దొర్లించిన బండలకు నిచ్చెనలు విరిగాయి, మనుషులు కూలారు. చివరికి సేన వెనుదిరిగింది. యుద్ధంలో పడని ఆ కోట మరుసటి ఏడు మార్చిలో శ్రీరంగపట్టణం సంధితో, బారామహల్ ప్రాంతంతోపాటు కంపెనీపరమైంది.

చట్టం విషయానికొస్తే, భారత ఈజ్‌మెంట్ల చట్టం 1882లో వచ్చింది. అది మొదట అమలైన కొద్ది ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. అప్పట్లో సేలం జిల్లాలో ఉన్న హోసూరు, కృష్ణగిరి తాలూకాలు ఆ ప్రెసిడెన్సీలోవే. అయితే ఆ చట్టం గుర్తించేది ఒక భూమికి ఇంకో భూమి వల్ల కలిగే సౌకర్యాన్ని: పక్క పొలం మీదుగా బండిదారి, కాలువ నీరు, గాలి, వెలుతురు. పక్కన తనకు సెంటు భూమి కూడా లేని ట్రస్టు, చరిత్ర కోసమని పట్టాదారు చేయి కట్టడానికి అందులో తావు లేదు.

కొంత దగ్గరగా వచ్చింది 1904 నాటి ప్రాచీన కట్టడాల చట్టం. కట్టడాన్ని చెడగొట్టకుండా, దాని దగ్గర ఏమీ కట్టకుండా యజమానితో కలెక్టరు ఒప్పందం రాయించుకునే వీలు అందులో ఉంది. 1958 చట్టం ఆరో సెక్షన్‌లో దాన్ని కొనసాగించింది. ఒప్పందం యజమాని తర్వాత హక్కుదారులైనవారినీ కట్టేస్తుంది. ఇంతవరకు అమెరికా పద్ధతే. కానీ మూడేళ్లు గడిచాక ఆరు నెలల నోటీసుతో యజమానైనా కేంద్రమైనా దాన్ని రద్దు చేసుకోవచ్చు. యజమాని రద్దు చేస్తే, గడిచిన ఐదేళ్లలో ప్రభుత్వం నిర్వహణకు పెట్టిన ఖర్చు తిరిగి కట్టాలి. భూమి విలువ ఏటా ఎగబాకే చోట అదేమంత అడ్డు కాదు. పైగా ఆ సెక్షన్ వర్తించేది రక్షిత కట్టడాలకే. శిథిలాలూ అవశేషాలూ లేని ఖాళీ పొలం, అందులో ఎంత పెద్ద యుద్ధం జరిగినా, చట్టం దృష్టిలో ఉత్త పొలమే.

అందుకే ఇక్కడ రక్షణ కొండమీది రాళ్లకు దొరికింది, కింది నేలకు దొరకలేదు. రాయకోట దుర్గం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010 సవరణ ప్రకారం ఇలాంటి రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిర్మాణం నిషిద్ధం, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి. ఆ గీత దాటితే సేనలు దిగిన మైదానాలకు ఈ చట్టం వర్తించదు. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక హోసూరు చుట్టూ పొలాలు లేఅవుట్లవుతున్నాయి. బెంగళూరుకు దగ్గరైన బాగలూరు వైపూ అంతే.

తెలుగునాట యుద్ధభూమిని గుర్తుపెట్టుకునే పద్ధతి వేరు. 1757 నాటి పోరుకు గుర్తుగా బొబ్బిలిలో సంస్థానాధీశులు 1891లో స్తంభం నాటించారు. స్తంభం చోటు చూపిస్తుంది, పొలాన్ని ఆపలేదు. ఇంగ్లండ్ 1995లో యుద్ధభూముల జాబితా వేసింది. అది యజమానిని నేరుగా కట్టడి చేయదు గానీ, నిర్మాణ అనుమతి ఇచ్చే అధికారి దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. బాగలూరు లాంటి చోట్లకు ఈజ్‌మెంట్ కంటే ముందు కావలసింది అలాంటి జాబితానే: ఏ సర్వే నంబర్లలో పోరు జరిగిందో తేల్చకుండా ఏ ఒప్పందమూ రాయలేరు.