రేపటి నష్టానికి నేటి వెల

భూమి వేడెక్కకుండా ఆపగలిగితే మానవజాతికి తప్పే నష్టం ఎంత? దీనికి డాలర్లలో సమాధానం చెప్పాలని ఆర్థికవేత్తలు మూడు దశాబ్దాలకు పైగా శ్రమిస్తున్నారు. ఈ లెక్కల చరిత్రను తరగతిలో చెబుతూండగా, దివిసీమనుంచి వచ్చిన విద్యార్థి ఒకడు లేచి, "1977 ఉప్పెనలో మా తాతయ్య పోయాడు మాస్టారూ. ఈ పద్దులో ఆయన ఖరీదు ఎంత పడుతుంది?" అని అడిగాడు. ఆనాటి ఉప్పెనను భూతాపానికి అంటగట్టలేము. కాని సముద్రమట్టం పెరిగేకొద్దీ అటువంటి ఉప్పెన మరింత లోపలికి చొచ్చుకువస్తుంది. కనుక ప్రశ్న సరైనదే. ఆ రోజు నేను తడబడ్డాను. ఆ కుర్రవాడికి నేను బాకీపడిన జవాబే ఈ వ్యాసం.

1991లో అమెరికా ఆర్థికవేత్త విలియం నోర్డ్‌హౌస్ ఒక లెక్క వేశాడు. తన దేశ ఉత్పత్తిలో 87 శాతం వాతావరణంతో పెద్దగా నిమిత్తం లేని రంగాలనుంచి వస్తున్నదనీ, వ్యవసాయంవంటి బాగా దెబ్బతినే రంగాల వాటా 3 శాతమేననీ తేల్చాడు. భూమి 3 డిగ్రీలు వేడెక్కినా కొలతకందే నష్టం ఉత్పత్తిలో పావు శాతమేనన్నాడు. కొలతకందనివి కలిపితే 1 శాతం కావచ్చునన్నాడు. ఇక్కడ కూడికలో పొరపాటు లేదు. పొరపాటు కొలబద్దలో ఉంది. తిండి చౌకగా దొరుకుతున్నది కాబట్టే జాతీయాదాయంలో దాని వాటా చిన్నది. ఆ తిండే కరువైననాడు మిగిలిన 87 శాతం ఎవరి కండబలంమీద నిలబడుతుంది?

1995లో ఈ కొలబద్ద ప్రాణాలదాకా వచ్చింది. వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్‌ప్రభుత్వ సంఘం నివేదికలో, డేవిడ్ పియర్స్ ప్రభృతులు రాసిన అధ్యాయం ధనిక దేశపు మనిషి ప్రాణానికి 15 లక్షల డాలర్లు కట్టి, పేద దేశపు మనిషికి అందులో పదో వంతో, అంతకు తక్కువో కట్టింది. ప్రమాదం తప్పించుకోవడానికి మనిషి ఎంత చెల్లించగలడో చూసి వెలకట్టే పద్ధతి అది. చెల్లించే శక్తి ఆదాయాన్నిబట్టే ఉంటుంది గదా! భారత పర్యావరణమంత్రి కమల్‌నాథ్ నిరసన తెలిపాడు. రచయితలు అధ్యాయాన్ని మార్చలేదు. ప్రభుత్వాలు తమ సంగ్రహంలో ఆ అంకెలను నెత్తికెత్తుకోలేదు.

2006లో బ్రిటిష్ ప్రభుత్వానికి నికొలస్ స్టెర్న్ ఇచ్చిన నివేదిక వేరే పాట పాడింది. చేతులు ముడుచుకు కూర్చుంటే నష్టం ప్రపంచ ఉత్పత్తిలో ఏటా 5 శాతం, విస్తృతంగా లెక్కిస్తే 20 శాతం దాకా. నివారణకు ఖర్చు 1 శాతం. ఇంత తేడాకు ప్రధాన కారణం వడ్డీ. షావుకారి చక్రవడ్డీని తిరగేసి చూడండి: నూరేళ్ళ తరువాతి 100 రూపాయల నష్టం, స్టెర్న్ ఎంచుకున్న 1.4 శాతం రేటున నేడు సుమారు 25 రూపాయలు. అదే 7 శాతమైతే 12 పైసలకు లోపే! వడ్డీ మార్కెట్టు రాబడిని అనుసరించాలని నోర్డ్‌హౌస్ వాదించాడు. 2018లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కాని తరువాతిదన్న ఒకే ఒక్క కారణంతో తరువాతి సుఖాన్ని తక్కువ చేయడం నీతికి నిలవదని కేంబ్రిడ్జి పండితుడు ఫ్రాంక్ రామ్జీ 1928లోనే అన్నాడు.

ఇక రాజ్యం చేతిలో ఈ లెక్క ఏమైందో చూడండి. టన్ను బొగ్గుపులుసు వాయువువల్ల కలిగే నష్టాన్ని ట్రంప్ మొదటి ప్రభుత్వం 1 నుంచి 7 డాలర్లకు దించింది. అందుకు చేసినవి రెండే పనులు: అమెరికా సరిహద్దు బయటి నష్టాన్ని కొట్టివేయడం, 7 శాతం వడ్డీని కూడా వాడటం. 2021లో అది 51 డాలర్లయింది. 2023లో ఆ దేశపు పర్యావరణ సంస్థ 2 శాతం రేటున 190 డాలర్లని తేల్చింది. 2025 జనవరిలో ట్రంప్ మళ్ళీ వచ్చి ప్రభుత్వ ఉమ్మడి అంచనాలను ఉపసంహరింపజేశాడు. ఈ కొద్ది సంవత్సరాలలో సముద్రం తన స్వభావం మార్చుకోలేదు. మారింది కలం పట్టిన చెయ్యి.

ప్రాణానికి వెలకట్టడమే నీచమనీ, ఈ శాస్త్రాన్ని అవతల పారవేయాలనీ మనలో కొందరు మిత్రులంటారు. నేను ఒప్పుకోను. వెల రాయని నష్టాన్ని కచేరీలో సున్నాగా చదువుతారు. కూలివానికి 100 రూపాయలు పోవడం, కోటీశ్వరునికి 100 పోవడం ఒకటి కావని గ్రహించి, పేదవాని నష్టానికి ఎక్కువ బరువునిచ్చి లెక్కించిన ఆర్థికవేత్తలూ ఉన్నారు. ఆ విద్య మన విద్యార్థులు నేర్వాలి. ఎవరి నష్టం ఎక్కింది, ఏ కొలబద్దతో కొలిచారు, ఏ వడ్డీకి తగ్గించారు అని ప్రతి అంకెనూ నిలదీయాలి.

ఆ కుర్రవానికి నా జవాబు ఇది: 1995 నాటి పద్దులో మీ తాతయ్య ఖరీదు ఒక ఇంగ్లీషు తాతయ్య ఖరీదులో పదో వంతుకు మించదు. ఆ పద్దును తిరగరాయవలసినవాడివి నువ్వే. అందుకు ముందు లెక్కలు నేర్చుకో.