ఒక్కరే కొనే వస్తువులు

సికింద్రాబాద్ స్టేషన్ ముందు నుంచి వెళ్లే సిటీ బస్సుల్లో చాలావాటి నుదుటి మీద ‘ఈసీఐఎల్’ అని రాసి ఉంటుంది. ఎక్కేవాళ్లలో ఎక్కువమందికి అదొక చౌరస్తా పేరు. అక్కడ దిగి కమలానగర్‌కో కుషాయిగూడకో ఏఎస్ రావు నగర్‌కో పోతారు. ఆ నాలుగక్షరాల వెనుక ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే సంస్థ ఉందనీ, 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ దాన్ని ఇక్కడ నెలకొల్పిందనీ తెలిసినవాళ్లలో కూడా చాలామంది అక్కడ ఏం చేస్తారంటే కాసేపు తడుముకుంటారు. తప్పు వాళ్లది కాదు. కంప్యూటరు, టీవీ, ఓటింగ్ యంత్రం, ఫిరంగి గుండుకు తగిలించే ఫ్యూజు, అణు రియాక్టరుకు కంట్రోల్ ప్యానెల్, అంగారకుడి దగ్గర్నుంచి వచ్చే సంకేతాన్ని పట్టే యాంటెన్నా... ఇన్ని చేసిన సంస్థను ఒక్క ముక్కలో ఏమని చెప్తాం?

వజ్రోత్సవ సంచికల్లో సాధారణంగా టర్నోవరు పట్టికలూ అవార్డుల జాబితాలూ ఉంటాయి. వాటిని రాసేవాళ్లు వేరే ఉన్నారు. ఈ అరవయ్యేళ్లను తిరగేస్తే నాకు కనిపించింది ఒకే సంగతి. కోటిమంది కొనే వస్తువు చేసినప్పుడల్లా ఈ సంస్థ కొన్నాళ్లు వెలిగి వెనక్కి తగ్గింది. దేశం మొత్తానికీ ఒక్కరే కొనే వస్తువు చేసినప్పుడు మాత్రం దానికి తిరుగులేదు.

మొదలు తెలియాలంటే పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు వెళ్లాలి. అల్లూరి సీతారామరాజు సొంతూరు అదే. 1914లో అక్కడ పుట్టిన అయ్యగారి సాంబశివరావు (ఏఎస్ రావు) కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, అక్కడే పాఠాలు చెప్పి, తర్వాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ నేర్చుకున్నారు. తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా దగ్గర చేరారు. కాస్మిక్ కిరణాలను కొలిచే పరికరాలు కావాలి. బజారులో దొరకవు, దొరికినా తెప్పించుకోవడానికి విదేశీ మారకం లేదు. దాంతో సొంతంగా చేసుకోవడం అలవాటైంది. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో ‘అప్సర’ రియాక్టరు తొలిసారి పనిచేసింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. రియాక్టరును అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థను మాత్రం రావుగారి బృందమే ఇక్కడ కట్టింది. రియాక్టరులో న్యూట్రాన్ల సంఖ్య ఎంత వేగంగా పెరుగుతోందో క్షణక్షణం కనిపెట్టి, గీత దాటితే ఆపే కడ్డీలను లోపలికి వదిలే పని ఆ వ్యవస్థది. పొరపాటుకు తావులేని పని అంటే ఇదీ. ఆ తర్వాత వచ్చిన సంస్థ స్వభావమంతా అక్కడే తయారైందని నాకనిపిస్తుంది.

1962లో చైనాతో యుద్ధం మన సైన్యం దగ్గర సరైన రేడియో సెట్లు కూడా లేవని బయటపెట్టింది. మరుసటి ఏడాదే భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ ఏర్పడింది. అందులో మిగతా ముగ్గురూ విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏఎస్ రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. మనవాళ్లు ఈ విషయాన్ని పెద్దగా చెప్పుకోరెందుకో! భగవంతం కృష్ణా జిల్లా మనిషి, ఉస్మానియాకు ఉపకులపతిగా చేసినవారు, అప్పటికి రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. ఎలక్ట్రానిక్స్‌లో దేశం పదేళ్లలో తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది కమిటీ సారాంశం. నివేదిక వచ్చిన 1966లోనే, జనవరి 24న భాభా ఆల్ప్స్ పర్వతాల్లో విమానం కూలి పోయారు. అణుశక్తి కమిషన్ బాధ్యత సారాభాయ్ మీద పడింది. ట్రాంబేలో పరికరాలు తయారుచేసే విభాగాన్ని విత్తనంగా తెచ్చి హైదరాబాద్ ఊరికి దూరంగా, మౌలాలి దాటాక బండరాళ్ల మధ్య నాటారు. ఏఎస్ రావు తొలి మేనేజింగ్ డైరెక్టరు.

అప్పటి హైదరాబాద్‌కు ఫ్యాక్టరీ సైరన్లు కొత్త కాదు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్ మొదలయ్యాయి. కొత్తగా వచ్చింది కంప్యూటరు.

ఎస్.ఆర్. విజయకర్ బృందం ట్రాంబేలో రూపొందించిన టీడీసీ-12ను 1969 జనవరిలో సారాభాయ్ ప్రారంభించారు. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, 12 అంటే దాని పదం పొడవు పన్నెండు బిట్లు. ఇందులో మెమరీ సంగతి కాస్త ఆగి చూడాలి. చిప్పుల కాలం కాదది. ఆవగింజంత ఫెర్రైట్ రింగు, దాని నడుమ దూరే సన్నటి రాగితీగలు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, చదవడానికి ఇంకొకటి. రెండు తీగల్లోనూ ఒకేసారి కరెంటు పోతేనే అవి కలిసిన చోట ఉన్న రింగు అయస్కాంత దిశ మార్చుకుంటుంది. ఒక దిశ సున్నా, రెండోది ఒకటి. ఒక్కో బిట్టుకు ఒక్కో రింగు. పన్నెండు బిట్లతో 4,096 గదులకు చిరునామా ఇవ్వొచ్చు. గదికి పన్నెండు చొప్పున లెక్కవేస్తే 49,152 రింగులు. నల్లపూసలు గుచ్చినట్టు వీటిని చేత్తో ఎక్కించాలి, ఒక్క తీగ తెగినా వెతుక్కోవాలి. కరెంటు పోయినా ఆ రింగులు పట్టుకున్నది మరిచిపోవు. మన కరెంటు సంగతి తెలిసినవాళ్లకు అదెంత మంచి గుణమో వేరే చెప్పక్కర్లేదు. ఇంతా కలిపితే ఇవాళ ఫోనులో ఒక్క ఫోటోకు పట్టే చోటులో వందో వంతు కూడా కాదు. అయినా ఆ యంత్రంతో ప్రయోగశాలల్లో లెక్కలు తేలాయి, కొలతలు అప్పటికప్పుడు నమోదయ్యాయి.

డెబ్బైల నడుమ ఈసీఐఎల్ నుంచి టీడీసీ-312, పదహారు బిట్ల టీడీసీ-316, 1978లో మైక్రోప్రాసెసర్‌తో మైక్రో-78 వచ్చాయి. టీడీసీ-316లు వాయుసేన గగనతల రక్షణ వ్యవస్థలో పనిచేశాయి. విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వ ప్రయోగశాలలూ వీటినే కొన్నాయి. ఆ తరంలో ఎందరో విద్యార్థులు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది వీటి మీదే. అయితే మెచ్చుకుంటూ పోతే చరిత్ర కాదు. ధర ఎక్కువ, సాఫ్ట్‌వేర్ తక్కువ అన్న ఫిర్యాదు అప్పుడే ఉంది, అందులో నిజమూ ఉంది. విడిభాగాలు బయటి నుంచి రావాలి, లైసెన్సులు ఢిల్లీ నుంచి రావాలి. ఇక్కడి ఇంజనీర్లు ఒక మోడల్ పూర్తిచేసేలోపు బయట రెండు తరాలు మారిపోయేవి. 1978లో ఐబీఎం దేశం విడిచింది. అదే రోజుల్లో మినీకంప్యూటర్ల తయారీకి ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచారు. హెచ్‌సీఎల్, డీసీఎం లాంటివి పరుగున వచ్చాయి. వాళ్లకు అమ్మడం తెలుసు. వీళ్లకు చేయడం తెలుసు. గెలుపెవరిదో చెప్పాల్సిన పనిలేదు. దేశానికి కంప్యూటరు చేయగలమన్న ధైర్యమిచ్చిన సంస్థ ఆ సొమ్ము కళ్లజూడలేదు.

టీవీ కథా ఇంతే, కాకపోతే మరింత ముచ్చటైనది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను వాడుకుని ఇస్రో ‘సైట్’ ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు ఆకాశం నుంచి నేరుగా టీవీ కార్యక్రమాలు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి, తెలుగు ఆ ప్రసార భాషల్లో ఒకటి. పైన పదడుగుల కోళ్ల కంచె వల లాంటి డిష్, కింద పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో ఒక పెట్టె. ఆ పెట్టెలు చేసింది ఈసీఐఎల్. దుమ్ము, ఎండ, ఎగిరిదిగే వోల్టేజీ, కొన్నిచోట్ల కరెంటే లేక బ్యాటరీ, ఎదురుగా ఊరు ఊరంతా. ఏ కంపెనీ టీవీకి ఇంతకంటే కష్టమైన పరీక్ష ఉంటుంది? హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం రావడానికి ఇంకా రెండేళ్లుంది. పట్నవాసులకంటే ముందు టీవీ చూసిన పల్లెటూళ్లు మనకున్నాయి.

ఆ తర్వాత ‘ఈసీ టీవీ’ ఇళ్లలోకి వచ్చింది. షట్టరు తలుపులున్న చెక్కపెట్టె, పక్కన గుండ్రటి నాబ్, మీద అమ్మ కుట్టిన గుడ్డ. ఆ ఇంటి వరండాలో ఆదివారం సాయంత్రం సినిమాకు చాప వేసుకునేవాళ్లు. గట్టి సెట్టు అని పేరు. 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది, విడిభాగాలు తెచ్చి బిగించే కంపెనీలు వీధికొకటి పుట్టాయి. ఏడాదికో కొత్త డబ్బా, వాయిదాల మీద అమ్మకం, సినిమా తారలతో ప్రకటన. అణుశక్తి శాఖ కింద ఉన్న సంస్థ టెండరు పద్ధతుల్లో పిక్చర్ ట్యూబులు కొని ఆ పోటీలో నెగ్గాలంటే ఎలా? నెగ్గలేదు.

ఇక రెండో వరస, ఒక్కరే కొనే వస్తువులది. 1974 మేలో పోఖ్రాన్ పరీక్ష తర్వాత కెనడా రాజస్థాన్ అణు కేంద్రం పని సగంలో వదిలి వెళ్లింది. అణుశక్తికి పనికొచ్చే పరికరమేదీ ఎవరూ అమ్మని రోజులొచ్చాయి. అప్పుడు ఒకే కొనుగోలుదారు, ఒకే తయారీదారు. 1983లో కల్పాక్కం మొదటి యూనిట్ మొదలుకొని స్వదేశీ రియాక్టర్ల నియంత్రణ పరికరాల్లో ఈసీఐఎల్ చేయి ఉంది. దీని గురించి పత్రికల్లో రాదు. రియాక్టరు కంట్రోల్ రూము వార్తల్లోకి రాకపోవడమే దాని గొప్ప.

1977లో ఎన్నికల సంఘానికి ఓటు వేసే యంత్రం ఆలోచన కలిగినప్పుడు ఆ పని హైదరాబాద్‌కే అప్పగించారు. 1979లో నమూనా సిద్ధం. 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీల ప్రతినిధుల ముందు ప్రదర్శన. తర్వాత బెంగళూరులోని బీఈఎల్ కూడా జతకలిసింది, ఆకృతి విషయంలో బొంబాయి ఐఐటీ డిజైన్ అధ్యాపకుల సాయం అందింది. 1982 మేలో కేరళలోని పరవూరులో యాభై పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి వాడారు. చట్టంలో యంత్రం మాట లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగును కొట్టేసింది. చట్టం మారి, అనుమానాలు కొంత తగ్గి, 2004లో దేశమంతా ఈ యంత్రాల మీదే లోక్‌సభ ఎన్నికలు జరిగేసరికి పాతికేళ్లు పట్టింది. యంత్రాన్ని రెండేళ్లలో చేశారు. నమ్మకాన్ని రెండేళ్లలో చేయడం ఎవరి తరం?

ఈ యంత్రం గొప్పతనం అందులో ఏముందన్న దానికంటే ఏం లేదన్న దాంట్లో ఉంది. గోడలో ప్లగ్గు అక్కర్లేదు, బ్యాటరీ చాలు. దేనికీ కలిపే తీగ లేదు, ఓటరు వైపు పెట్టెకూ అధికారి ముందున్న పెట్టెకూ మధ్య కేబులు తప్ప. అధికారి మీట నొక్కితేనే ఒక ఓటు పడుతుంది. నీలం బొత్తాం నొక్కితే ఎర్రదీపం వెలిగి పొడుగాటి బీప్ వస్తుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా లెక్కలోకి రాదు. చదువు రానివాడికి కూడా నేర్పక్కర్లేని యంత్రం. దాని మీద వచ్చిన వాదాలు, కోర్టు కేసులు, తర్వాత చేరిన వీవీప్యాట్ చీటీ — ఇవన్నీ ప్రజాస్వామ్యంలో ఉండాల్సినవే. అనుమానించే హక్కు ఓటరుది, జవాబు చెప్పే బాధ్యత ఇంజనీరుది.

దానికి గట్టి పరీక్ష మన నిజామాబాద్‌లోనే ఎదురైంది. పసుపు, ఎర్రజొన్న ధరల కోసం మండిపడ్డ రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో 185 మంది, అందులో రైతులే 178. ఒక్కో పెట్టెలో పదహారు పేర్లే పడతాయి. పాత రకం యంత్రానికి నాలుగు పెట్టెలే తగిలించగలం, అంటే 64 మంది. కాగితం బ్యాలెట్టే గతి అనుకున్నారు అందరూ. కొత్తదైన ఎం-3 రకానికి ఇరవై నాలుగు పెట్టెల దాకా కలపొచ్చు. ప్రతి కేంద్రంలో పన్నెండు పెట్టెలను వరసగా పేర్చి పోలింగ్ జరిపారు. ఓటరు ఆ వరస వెంట నడుచుకుంటూ తన గుర్తు వెతుక్కున్నాడు. ఈసీఐఎల్ ఇంజనీర్లు రోజుల తరబడి ఆ జిల్లాలోనే మకాం వేశారు. పోలింగ్ జరిగిన తేదీ ఏప్రిల్ 11, సంస్థ పుట్టినరోజు. ఎవరూ కేకు కోసి ఉండరు.

యాంటెన్నాల దగ్గరికొస్తే ఈ ‘ఒక్క కొనుగోలుదారు’ కథ పతాకస్థాయికి చేరుతుంది. 2008లో చంద్రయాన్-1 కోసం బెంగళూరు దగ్గర బ్యాలాలులో 32 మీటర్ల డిష్ నిలిపారు. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్), ఇస్రోలతో కలిసి దాన్ని కట్టింది ఈసీఐఎల్. అంత డిష్‌ను వంచినప్పుడల్లా సొంత బరువుకే దాని ఆకారం కాస్త సాగుతుంది. దాన్ని మిల్లీమీటర్ల లెక్కలో అదుపు చేస్తూ, గాలి తోస్తున్నా చంద్రుడి మీంచి చూపు చెదరకుండా చక్రాల మీద తిప్పాలి. 2014 సెప్టెంబర్ 24న మంగళయాన్ అంగారక కక్ష్యలో చేరిన రోజున కూడా దాని చెవి అటే ఉంది.

అంతకన్నా చిత్రమైనది లడాఖ్‌లోని హాన్లే టెలిస్కోపు, ‘మేస్’. సుదూర నక్షత్రలోకాల నుంచి వచ్చే గామా కిరణం వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే నీలి మెరుపు సెకనులో వంద కోట్లో వంతు లెక్కలో కొలవాల్సినంత సేపే ఉంటుంది. దాన్ని పట్టడానికి 21 మీటర్ల అద్దాల గిన్నె, 356 పలకలు, 1,088 కాంతి గొట్టాల కెమెరా. బార్క్ రూపకల్పనలో దీన్ని ముందు ఇక్కడే, మన హైదరాబాద్ ఆవరణలో నిలబెట్టి చూశారు. విప్పి, లారీల్లో కొండలెక్కించి, 4,200 మీటర్ల పైన మళ్లీ బిగించారు. ఊపిరాడని చోట, ఏడాదిలో కొద్ది నెలలే పనిచేయగల చలిలో బోల్టులు బిగించినవాళ్ల పేర్లు శిలాఫలకం మీద ఉండవు. 2024 అక్టోబర్ 4న దాన్ని ప్రారంభించారు.

ఈ వజ్రోత్సవ సంచిక సంపాదకులకు ఒక మనవి. ఏఎస్ రావుగారికి పద్మభూషణ్, భట్నాగర్ బహుమతి వచ్చాయి, కాలనీకి ఆయన పేరు పెట్టుకున్నాం, బాగుంది. ఆ కాలనీ మేడల మీద ఇవాళ పొద్దున్నే వాకింగ్ చేసే డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లలో ఆ తొలి తరం వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి రికార్డరు పట్టుకుని వెళ్లండి. తెగిన కోర్ తీగను ఎలా పట్టుకునేవారో, సైట్ సెట్టు చెడిపోయిందని పల్లె నుంచి కార్డొస్తే ఏ బస్సెక్కి వెళ్లేవారో, ఓటు యంత్రానికి నీలం బొత్తామే ఎందుకు పెట్టారో అడగండి. ఒక టీడీసీ-12 అలమరా, ఒక ఈసీ టీవీ, తొలి ఓటింగ్ పెట్టె గేటు పక్కన గదిలో పెట్టి, బస్సు దిగిన పిల్లలకు టిక్కెట్టు లేకుండా చూపించండి.