కంది నిరోధకత: మాట మాటకూ వ్యాఖ్య

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రాల్లో దశాబ్దాలుగా పరీక్షించిన విషయం ఇది: కందిలో వెర్రి తెగులు వైరస్‌కు నిరోధకత తరచుగా అంతర్గత లక్షణంగా సంక్రమిస్తుంది. ఈ వాక్యంలో ప్రతి మాటకూ ఒక హద్దు ఉంది.

వెర్రి తెగులు: ఆకులు చిన్నవై, లేత పసుపు మచ్చలు పడతాయి. మొక్క గుబురుగా పెరుగుతుంది గాని పూయదు. అంటే చావదు, గొడ్డుపోతుంది. ఎండు తెగులు వేరు. అది నేలలోని శిలీంధ్రం పని.

వైరస్: తెగులు 1931లోనే బిహార్‌లోని పూసాలో నమోదైంది. కారకం వైరసేనని రూఢి కావడానికి మరో దాదాపు 70 ఏళ్లు పట్టింది. దాన్ని మోసేది కంటికి ఆనని ఎరియోఫిడ్ నల్లి. అది గాలివాటున వ్యాపిస్తుంది.

నిరోధకత: వైరస్ అందినా జబ్బు పడకపోవడం. నల్లి చేరక బయటపడిన మొక్క నిరోధకమైనది కాదు, తప్పించుకున్నది మాత్రమే. ఈ తేడా తేల్చడానికే నల్లులున్న రోగపు ఆకును లేత మొక్క ఆకుకు స్టేపుల్ చేస్తారు. మచ్చలు వచ్చినా పూసి కాసేది తట్టుకునే మొక్క. అది మూడో కోవ.

అంతర్గతం: తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ గుణం వస్తేనే పైకి కనబడేది. నిరోధక, లొంగే మొక్కలను సంకరిస్తే తొలి తరమంతా లొంగుతుంది. జన్యువు ఒక్కటే అయితే మలి తరంలో మూడు లొంగితే ఒకటి నిలుస్తుంది. గుణం పోలేదు, దాగింది.

సంక్రమణ: పటాన్‌చెరు ఐసోలేట్‌పై (ఈ మాట కింద వివరించాం) 1984 నాటి అధ్యయనం ఒకే స్థానంలో పలు యుగ్మవికల్పాలను, అంటే ఒకే జన్యువు వేర్వేరు రూపాలను చూసింది: తట్టుకోవడంపై లొంగడం, నిరోధకతపై తట్టుకోవడం బహిర్గతం, అంటే రెండూ కలిస్తే పైకి కనబడేది. 1983 నాటి మరో అధ్యయనం నాలుగు జన్యువులను చెప్పింది. ఇవి పరస్పరం కొట్టుకోనక్కరలేదు. సంకరించిన రకాలు మారితే, వైరస్ మారితే, నిష్పత్తీ మారుతుంది.

ఐసోలేట్: ఒక ప్రాంతం నుంచి వేరుచేసిన వైరస్ రూపం. బెంగళూరు ఐసోలేట్ పటాన్‌చెరు దానికన్నా తీవ్రమైనది. ఇక్కడ నిలిచిన కంది అక్కడ లొంగవచ్చు. కాబట్టి ‘నిరోధక రకం’ అన్నది సగం మాటే. ఏ ఐసోలేట్‌కో చెబితేనే పూర్తవుతుంది.

ఇంకొక్క సంగతి. కందిపూలపై తేనెటీగలు వాలతాయి, పుప్పొడి చేను దాటుతుంది. పక్క చేని లొంగే కంది పుప్పొడి పడితే, ఆ గింజ మొలిచిన మొక్క లొంగే అవకాశమే ఎక్కువ. అందుచేత రైతులు నిరోధక రకాన్ని విత్తనానికి ఉంచుకోదలిస్తే, దాన్ని ఇతర కందికి దూరంగా వేయాలి. నల్లి వైరస్‌ను పక్క మొక్కలకు మోయకుండా, వెర్రి మొక్క కనబడిన వెంటనే పీకి నాశనం చేయాలి.