అవార్డుల సొమ్ముతో నిలిచిన సంగీత బడి

బ్రిటన్ సంగీత పురస్కారాలైన బ్రిట్ అవార్డుల వేడుక 1977లో లండన్‌లో మొదలైంది. రెండో ఎలిజబెత్ రాణి పాలనకు రజతోత్సవం, ధ్వనిముద్రణకు నూరేళ్లు ఆ ఏడాదే కలిసివచ్చాయి. రెండో వేడుక 1982లో గాని జరగలేదు. అప్పటినుంచి మాత్రం ఏటా జరుగుతోంది.

ఈ వేడుకకు అసలైన విలువ తెచ్చినది 1989లో రికార్డు కంపెనీలు నెలకొల్పిన బ్రిట్ ట్రస్టు. అవార్డుల ద్వారా వచ్చే ఆదాయంలో కొంత ఈ ధర్మనిధికి చేరి, సంగీతరంగంలో అడుగుపెట్టే యువతకు ఆసరా అయింది. 1990 జూన్ 30న నెబ్‌వర్త్ మైదానంలో పాల్ మెకార్ట్‌నీ, పింక్ ఫ్లాయిడ్, ఎల్టన్ జాన్ వంటివారు ఒకే వేదికపై పాడారు. ఆ కచేరీ రాబడిని సంగీత చికిత్స చేసే నార్డాఫ్ రాబిన్స్ సంస్థకు, రాబోయే కళాపాఠశాలకు పంచారు.

1991లో దక్షిణ లండన్‌లోని క్రాయ్‌డన్‌లో ఆ పాఠశాల బ్రిట్ స్కూల్ పేరుతో తెరుచుకుంది. ప్రభుత్వ నిధులు కూడా అందే ఈ బడిలో 14 నుంచి 19 ఏళ్ల పిల్లలు సంగీతం, నాటకం, నృత్యం నేర్చుకుంటారు. ఫీజు లేదు. ఖరీదైన శిక్షణ కొనలేని ఇళ్ల పిల్లలకు ఇంతకంటే పెద్ద మేలు మరొకటి ఉండదు. అందరూ గాయకులే కానక్కర్లేదు: లైటింగ్, శబ్దనియంత్రణ వంటి తెరవెనుక పనులూ ఇక్కడ నేర్పుతారు.

గాయనులు ఆమీ వైన్‌హౌస్, లియోనా లూయిస్ ఇక్కడ చదివారు. 2006లో చదువు ముగించిన అడెల్‌కు 2008 బ్రిట్ వేడుకలో, వర్ధమాన కళాకారుల కోసం కొత్తగా పెట్టిన విమర్శకుల పురస్కారం తొలిసారిగా దక్కింది. కొంతకాలం ఇక్కడే చదివిన గాయని రే 2024లో ఒకే రాత్రి ఆరు అవార్డులు అందుకుని రికార్డు నెలకొల్పింది.