తోకచుక్క జాడ

మా బేతంచెర్లలో ఇంటి కప్పునకును, అరుగునకును, గడపకును నాపరాయియే దిక్కు. వేసవిరాత్రులు మిద్దెమీద పండుకొని, చుక్కలను చూచుచు నిదురపోవుట మావారికి పుట్టుకతో వచ్చిన యలవాటు. వానలు తక్కువైన సీమ యగుటచే మాకు ధాన్యము కొఱవడిన యేడులున్నవి గాని, ఆకాశము కొఱవడిన యేడు లేదు. ఆ మిద్దెమీదనుండియే 2024వ సంవత్సరము అక్టోబరు నెలలో నేనొక తోకచుక్కను చూచితిని. ఆ చూపు నన్ను నూటయేబదిరెండేండ్ల వెనుకకు, చెన్నపట్టణమున జరిగిన యొక చరిత్రకు కొనిపోయినది. శ్రోతలారా, నేడు దానిని మీకు విన్నవింపదలచితిని.

తోకచుక్క పొడిచినచో దేశమునకు కీడని మన పెద్దలు బెదరెడివారు. బెదరినవారు పెక్కండ్రు, దాని జాడ తీసినవారు కొందరే. జాడ తీయుట యననేమో మా పల్లెలలో పసులకాపరికి తెలియును. తప్పిపోయిన యెద్దు అడుగు ఒక్కటి కనబడినచో అది ఇచ్చట నుండెనని మాత్రము తెలియును. రెండడుగులు దొరకినచో ఏ దిక్కునకు పోయెనో తోచును. కాని త్రోవ యెచ్చట మలుపు తిరిగినదో చెప్పుటకు మూడవ యడుగు కావలయును. తోకచుక్క జాడయు నట్టిదే.

భూమిమీద ఊరి యునికిని అక్షాంశ రేఖాంశములచే చెప్పునట్లు, ఆకాశమున చుక్క యునికిని క్రాంతి, విషువాంశము అను రెండంకెలచే చెప్పుదురు. తోకచుక్క సూర్యుని చుట్టి పోవు త్రోవకు కక్ష్య యని పేరు. ఆ కక్ష్యను నిర్ణయించుటకు ఆరంకెలు కావలయును: సూర్యునకు ఎంత దగ్గఱగా వచ్చును, త్రోవ యెంత సాగినది, ఎంత వాలినది, ఆ వాలు ఏ దిక్కునకు, సూర్యునకు దగ్గఱియైన కొన ఏ వైపునకు, అచ్చటికి ఏనాడు చేరును. ఒక్కమాఱు చూచిన రెండంకెలు. మూడుమార్లు చూచిన ఆఱు. 1801వ సంవత్సరమున సీరిసు అను చిన్నగ్రహము కనబడి మఱుగుపడినపుడు, గౌసు అను జర్మనుగణితవేత్త ఈ విధముననే దానిని మరల పట్టియిచ్చెను.

ఇక కాంతి. పూర్వులు కంటికి కనబడు చుక్కలను ఆరు తరగతులుగా విభజించిరి. మిక్కిలి వెలుగునవి మొదటి తరగతి, కంటికి ఆనీయాననట్లుండునవి ఆరవది. ఒక తరగతికిని మఱియొక తరగతికిని నడుమ వెలుగు ఎన్ని రెట్లు తగ్గును? 1856వ సంవత్సరమున నార్మన్ రాబర్ట్ పాగ్సన్ అను ఆంగ్లేయుడు దీనికొక కొలత నేర్పఱచెను. ఐదు తరగతులకు నూఱురెట్లు. అనగా తరగతి కొకటికి రమారమి రెండున్నరరెట్లు. నేటికిని లోకమంతయు వాడు కొలత యిదియే. తోకచుక్క బిందువు కాదు, పలుచగా పఱచుకొన్న వెలుగు. కావున దూరదర్శినిలో తెలిసిన నక్షత్రమును మసకపఱచి, దాని యంత వెడల్పుగ జేసి, రెంటిని సరిపోల్చుట యొక పద్ధతి.

ఆ పాగ్సనే 1861వ సంవత్సరమున చెన్నపట్టణపు నక్షత్రశాలకు అధిపతియై వచ్చెను. 1792వ సంవత్సరమున నుంగంబాకమున వెలసిన ఆ శాలలోని శిలాస్తంభముమీద తెలుగక్షరములును చెక్కబడియున్నవి. మా కర్నూలుసీమ నాడు చెన్నపట్టణపు రాజధానిలోనిదే.

ఆ కాలమున బీలా తోకచుక్క యని యొకటి ప్రసిద్ధము. ఆరేండ్లకు పైచిలుకు కాలమున కొకమారు మరలివచ్చునది. 1846వ సంవత్సరపు రాకడలో అది చూచుచుండగనే రెండుగా చీలినది. 1852లో ఆ జంట మరల వచ్చినది. అటుపిమ్మట జాడ లేదు. 1872వ సంవత్సరము నవంబరు 27వ తేదీ రాత్రి ఐరోపాలో ఉల్కలు వర్షమువలె కురిసెను. గోటింగెన్ నగరమందలి క్లింకర్‌ఫ్యూసు ఇవి బీలా త్రోవలోని ధూళియే యనియు, తోకచుక్క భూమిని రాచుకొని పోయెననియు తలచెను. ఉల్కలు వచ్చిన దిక్కునకు సరిగా ఎదురుదిక్కున దానిని వెదకవలయును. ఆ చోటు దక్షిణాకాశమున కిన్నరమండలములోనిది. జర్మనీలో అది క్షితిజమునకు అంతగా పైకి రాదు. కావున ఆయన చెన్నపట్టణమునకు తంతి కొట్టెను: బీలా భూమిని తాకెను, థీటా సెంటారి చెంత వెదకుము.

డిసెంబరు మాసపు చెన్నపట్టణమన మబ్బులకు ఆటపట్టు. అయినను మబ్బుల సందున, డిసెంబరు 2, 3 తేదీల లెక్కలో, వరుసగా రెండు వేకువల పాగ్సనుకు ఆ చెంతనే యొక తోకచుక్క కనబడెను. మొదటినాడు గుండ్రని వెలుగు, తోక లేదు. రెండవనాడు చిన్నతోకయు కనబడెను. రెండునాళ్ళును దాని యునికిని కొలిచి వ్రాసికొనెను. మూడవ వేకువకు మబ్బు క్రమ్మెను. ఆ పిమ్మట అది యెవ్వరికిని చిక్కలేదు.

మొదట అందఱును బీలాయే దొరకినదనిరి. కాని గణకులు లెక్కించి చూడగా బీలా తునకలు ఆ వేళకు అచ్చట నుండుటకు వీలులేదని తేలినది. మఱి పాగ్సను చూచినదేమి? అది వేఱొక తోకచుక్క. ఎచ్చటనుండి వచ్చెను, ఎచ్చటికి పోయెను అన్నచో సమాధానము లేదు. చేతనున్నవి నాలుగంకెలు, కావలసినవి ఆఱు. నేటి పట్టికలలో దాని పేరు ఎక్స్/1872 ఎక్స్1. మొదటనున్న ఎక్స్ అను అక్షరము, కక్ష్య కట్టుటకు వీలుకాని తోకచుక్కలకు పెట్టు గుఱుతు. వెలుగునకు కొలత నేర్పినవానికే త్రోవ కొలుచు భాగ్యము ఒక్క వేకువలో తప్పిపోయినది.

దీనికెదురుగా మఱియొకటి చెప్పెదను. హైదరాబాదున పెరిగిన వేణు బప్పు 1949వ సంవత్సరము జూలై 2వ తేదీన అమెరికాలో హార్వర్డునందు విద్యార్థిగా నుండి, తీసిన ఛాయాపటములో నొక క్రొత్త తోకచుక్కను గుర్తించెను. బాక్, న్యూకర్క్ అనువారితో గూడ దానికి ఆయన పేరు నిలిచినది. దాని జాడ తెగలేదు; కక్ష్య కట్టిరి; మరలి వచ్చుటకు రమారమి 60,000 ఏండ్లు పట్టునని తేలినది. ఆరంకెలు చిక్కినచో అరువదివేల ఏండ్ల ముందుమాట చెప్పవచ్చును. నాలుగే యున్నచో ఎల్లుండి మాటయు చెప్పరాదు.

ఇక నా తోకచుక్క. దాని పేరు త్సుచిన్‌షాన్-అట్లాస్; 2023లో కనుగొనబడి, 2024 సెప్టెంబరు 27వ తేదీన సూర్యునకు దగ్గఱగా పోయి, అక్టోబరు 12న భూమికి దగ్గఱైనది. ఆ పిమ్మటి సాయంకాలమున మిద్దెనెక్కి చూడగా పడమట శుక్రునకు కుడిచేతను, స్వాతికి ఎడమచేతను పొగవంటి తోకతో నిలిచియుండెను. నాపరాతిమీద సుద్దతో శుక్రుని, స్వాతిని, దానిని మూడు చుక్కలుగా గుర్తించితిని. మఱునాడు మూడువ్రేళ్ళ మేర జరిగినది. ఇంకొక చుక్క పెట్టితిని. మూడవనాడు వాయుగుండము పట్టి మబ్బు క్రమ్మినది. వానకొఱకు ఏండ్లతరబడి మొగమెత్తి చూచు సీమలో పుట్టి, ఆ సాయంకాలము నేను మబ్బును తిట్టితిని! క్రింద మా యింటివారు వాన వచ్చెనని సంతసించుచుండిరి. ఆ వానకు నా సుద్దచుక్కలు కొట్టుకొనిపోయినవి.

నా చుక్కలు పోయినందువలన లోకమునకు నష్టము లేదు. ఆ తోకచుక్కను నేలమీదను నింగిలోను వేలకొలది కన్నులు వెన్నాడుచుండెను. 1872లో నట్లు కాదు. ఆ రెండు వేకువల అంకెలు పాగ్సను వ్రాసి యుంచినవి మాత్రమే మనకు మిగిలినవి. అవి చాలలేదు, కాని అవియు లేకున్నచో అట్టి తోకచుక్క యొకటి వచ్చిపోయెననియే మనకు తెలియకుండెడిది. మూడవనాడు మబ్బు పట్టునని వెఱచి మొదటినాడు వ్రాయకుండువానికి ఏ జాడయు దొరకదు. మరల నొక తోకచుక్క వచ్చినపుడు నేను సుద్దతో గాక కాగితముమీద సిరాతో వ్రాసెదను. వాన వచ్చినను మంచిదే.