జపానులో గొడ్డు మాంసం కొనుగోలు

గొడ్డు మాంసాన్ని జపనీసు భాషలో గ్యూనికు అంటారు. ప్రపంచంలోని అత్యంత ఖరీదైన గొడ్డు మాంసాలలో కొన్ని జపానులోనే తయారవుతాయి. అయితే అదే దుకాణంలో, అదే అరలో అంతకు ఎన్నో రెట్లు తక్కువ ధరకు మంచి మాంసం కూడా లభిస్తుంది. ఇక్కడ ధరను ప్రధానంగా నిర్ణయించేవి పశువు జాతి, కండలో కొవ్వు అల్లుకొని ఉన్న తీరు. మాంసం సురక్షితమా కాదా, అది ఏ వంటకు తగినది అనే విషయాలతో ధరకు అంతగా సంబంధం లేదు. అందువలన పొట్లంపై అంటించిన చీటీని చదవడం తెలిసినవారు తక్కువ ఖర్చుతో నాణ్యమైన మాంసం పొందగలరు. కొత్తగా ఆ దేశానికి వెళ్ళిన విదేశీయులు ఖరీదు ఎక్కువైతే మేలైనదని, చవకైతే నాసిరకమని భావించి పొరబడడం సర్వసాధారణం.

చరిత్ర

జపానులో గొడ్డు మాంసం తినడం విస్తృతంగా వ్యాపించి నూట యాభై ఏళ్ళకు మించలేదు. క్రీ.శ. 675లో తెన్ము చక్రవర్తి పశువులు, గుర్రాలు, కుక్కలు, కోతులు, కోళ్ళ మాంసం తినరాదని శాసించాడు. ఆ నిషేధం చాంద్రమానపు నాలుగవ నెల నుండి తొమ్మిదవ నెల వరకు, అనగా వ్యవసాయపు పనులు సాగే కాలానికి వర్తించింది. బౌద్ధమత ప్రభావం వలన, ఎద్దులు పొలం పనికి అవసరం కావడం వలన ఆ తరువాతి శతాబ్దాలలో కూడా ఈ మాంసం తినేవారు తక్కువగానే ఉండేవారు. ఎదో కాలంలో హికొనె సంస్థానం వారు మిసొలో ఊరవేసిన గొడ్డు మాంసాన్ని షోగున్‌కు కానుకగా పంపేవారు. 1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డు మాంసం తిన్న వార్త వెల్లడైన తరువాత ఇది నాగరికతకు చిహ్నంగా మారింది. గ్యూనబె, సుకియాకి వంటి వంటకాలు ఈ కాలంలోనే ప్రజాదరణ పొందాయి.

చాలాకాలం వరకు విదేశీ మాంసం దిగుమతిపై పరిమాణ పరిమితి ఉండేది. 1988లో అమెరికాతో కుదిరిన ఒప్పందం ప్రకారం 1991 ఏప్రిల్‌లో ఆ పరిమితిని తొలగించి, దానికి బదులుగా 70 శాతం సుంకం విధించారు. ఈ సుంకం 1992లో 60 శాతానికి, 1993లో 50 శాతానికి, క్రమంగా 2000 నాటికి 38.5 శాతానికి తగ్గింది. సామాన్య కుటుంబాలకు గొడ్డు మాంసం తరచుగా అందుబాటులోకి వచ్చింది ఈ మార్పు తరువాతనే.

మాంసం రకాలు

జపాను దుకాణాలలో లభించే గొడ్డు మాంసాన్ని మూడు తరగతులుగా విభజించవచ్చు.

వాగ్యూ: ఈ పేరు నాలుగు స్వదేశీ జాతులకు, వాటి మధ్య సంకరాలకు మాత్రమే చెందుతుంది. అవి జపాను నల్ల జాతి, గోధుమ జాతి, పొట్టి కొమ్ముల జాతి, కొమ్ములు లేని జాతి. వీటిలో నల్ల జాతి పశువులే 90 శాతానికి పైగా ఉన్నాయి. 2007లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం జపానులో పుట్టి జపానులోనే పెరిగిన పశువు మాంసానికి మాత్రమే ఈ పేరు వాడాలి. ఆస్ట్రేలియా మొదలైన దేశాలలో వాగ్యూ పేరిట అమ్మే మాంసాన్ని జపానులో ఆ పేరుతో అమ్మరాదు. కోబె, మత్సుసక, ఓమి, యొనెజవ అనేవి వాగ్యూలో ప్రాంతాన్ని బట్టి ఏర్పడిన ప్రసిద్ధ పేర్లు.

కొకుసాన్-గ్యూ: దీని అర్థం దేశీయ పశువు. పేర్లలో పోలిక ఉండడం వలన దీనిని వాగ్యూ అని పొరబడేవారు చాలామంది. ఇది జాతిని తెలిపే పేరు కాదు. పాడి కోసం పెంచే హోల్‌స్టీన్ ఆవులకు పుట్టిన కోడెలు, హోల్‌స్టీన్ ఆవుకు నల్ల జాతి ఎద్దుకు పుట్టిన సంకర పశువులు ఎక్కువగా ఈ తరగతిలోకి వస్తాయి. విదేశంలో పుట్టిన పశువును సజీవంగా తెచ్చినా, ఇతర దేశాలలో కంటే జపానులో ఎక్కువ కాలం పెరిగితే దాని మాంసం దేశీయమైనదే అవుతుంది. వాగ్యూ కంటే ధర బాగా తక్కువ. సంకర పశువు మాంసంలో కొవ్వు మధ్యస్థంగా ఉంటుంది.

దిగుమతి మాంసం: జపానులో వినియోగించే గొడ్డు మాంసంలో సగానికి పైగా విదేశాలనుండి వస్తుంది. ఆస్ట్రేలియా, అమెరికా ప్రధాన సరఫరాదారులు. చీటీపై దేశం పేరు తప్పనిసరిగా రాయాలి. ఆస్ట్రేలియా మాంసంలో గడ్డి మేసిన పశువులది కొవ్వు తక్కువగా, రుచి గాఢంగా ఉంటుంది. ధాన్యం మేపిన పశువుల మాంసం మెత్తగా ఉంటుంది. అమెరికా మాంసం ఎక్కువగా ధాన్యం మేపిన పశువులది.

శ్రేణులు

వాగ్యూ పొట్లాలపై తరచుగా కనిపించే ఎ5, ఎ4 వంటి గుర్తులు జపాను మాంస శ్రేణీకరణ సంఘం ఇచ్చేవి. ఇందులో అక్షరం కళేబరం నుండి ఎంత శాతం మాంసం దక్కుతుందో తెలుపుతుంది. 72 శాతం, ఆపైన దక్కితే ఎ, 69 నుండి 72 శాతం లోపు అయితే బి, అంతకు తక్కువైతే సి. కనుక ఈ అక్షరం వర్తకునికి పనికివచ్చే సమాచారమే గాని తినేవారికి దానితో నిమిత్తం లేదు.

1 నుండి 5 వరకు ఉన్న అంకె మాంసం నాణ్యతను తెలుపుతుంది. కండలో కొవ్వు అల్లిక, మాంసం రంగు-మెరుపు, బిగువు-పోగు, కొవ్వు రంగు-నాణ్యత అనే నాలుగింటిని విడివిడిగా పరీక్షించి, వాటిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెనే మొత్తానికి ఇస్తారు. కొవ్వు అల్లికను 1 నుండి 12 వరకు ఉన్న మరొక కొలతతో లెక్కిస్తారు. ఇందులో 8 నుండి 12 వరకు వచ్చినవి 5వ శ్రేణికి చెందుతాయి. ఈ పరీక్షలో రుచి చూడడం అనేది లేదు. 2వ లేదా 3వ శ్రేణి మాంసం అంటే కొవ్వు తక్కువగా ఉన్న మాంసం అని ప్రధానంగా అర్థం చేసుకోవాలి. అది చెడ్డదని గాని, అపాయకరమని గాని అర్థం కాదు.

గుర్తింపు సంఖ్య

2001 సెప్టెంబరులో చిబా రాష్ట్రంలోని ఒక ఆవుకు బి.ఎస్.ఇ. అనే పిచ్చి ఆవు వ్యాధి ఉన్నట్లు బయటపడింది. ప్రజలు గొడ్డు మాంసం తినడానికి భయపడడంతో ప్రభుత్వం దేశీయ మాంసాన్ని కొనే పథకం ప్రవేశపెట్టింది. కొన్ని సంస్థలు దిగుమతి మాంసాన్ని దేశీయమని చూపి ఆ డబ్బు పొందినట్లు 2002లో వెల్లడి కావడంతో చీటీలపైనే నమ్మకం పోయింది. ఈ పరిస్థితిలో 2003 జూన్‌లో గొడ్డు మాంసం మూలాన్ని గుర్తించే చట్టం చేశారు. అది పశుపోషకులకు 2003 డిసెంబరు నుండి, వర్తకులకు 2004 డిసెంబరు నుండి అమలులోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం జపానులోని ప్రతి పశువుకు పది అంకెల సంఖ్య గల బిళ్ళలను రెండు చెవులకు తగిలిస్తారు. ఆ సంఖ్య కబేళా నుండి దుకాణం వరకు మాంసం వెంట ప్రయాణిస్తుంది. పొట్లంపై ఉన్న సంఖ్యను జాతీయ పశుసంవర్ధక కేంద్రం వారి వెబ్‌సైటులో ఇస్తే పశువు పుట్టిన తేదీ, లింగం, జాతి, తల్లి సంఖ్య, పెరిగిన రాష్ట్రాలు, వధించిన తేదీ కనిపిస్తాయి. మోసాన్ని అరికట్టడానికి కబేళాలో తీసి భద్రపరచిన నమూనాతో దుకాణంలోని మాంసం డి.ఎన్.ఎ.ను పోల్చి చూస్తారు. 2011 జూలైలో ఫుకుషిమ అణు ప్రమాదం వలన కలుషితమైన వరిగడ్డి తిన్న పశువుల మాంసం మార్కెట్లోకి వచ్చినప్పుడు, అది ఎక్కడెక్కడికి చేరిందో ఈ సంఖ్యల ద్వారానే ఆరా తీశారు.

ఖీమా, కోతలో మిగిలిన తునకలు, నాలుక, పేగులు మొదలైన లోపలి భాగాలు, దిగుమతి మాంసం ఈ చట్టం పరిధిలోకి రావు. చవక ధరకు దేశీయ మాంసం కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చవకైన వాటిలో సంఖ్య ఉన్న పొట్లానికి దాని మూలం తెలుసుకొనే వీలు ఉంటుంది.

దిగుమతులు, ధరలు

2003 డిసెంబరులో అమెరికాలో పిచ్చి ఆవు వ్యాధి బయటపడగానే జపాను అక్కడి మాంసాన్ని నిషేధించింది. దీని వలన ప్రసిద్ధ భోజనశాలల సంస్థ యొషినొయా 2004 ఫిబ్రవరిలో తన ముఖ్య వంటకమైన గ్యూదొన్ అమ్మకాన్ని ఆపివేసింది. 2005 డిసెంబరులో 20 నెలల లోపు పశువుల మాంసానికి అనుమతి ఇచ్చినా, వెన్నెముక భాగం ఒక సరుకులో కనిపించడంతో 2006 జనవరిలో మళ్ళీ ఆపి, అదే ఏడు జూలైలో పునరుద్ధరించారు. వయోపరిమితిని 2013లో 30 నెలలకు పెంచి, 2019లో పూర్తిగా తొలగించారు.

2015లో ఆస్ట్రేలియాతో, 2018 చివర పసిఫిక్ దేశాల కూటమితో, 2020లో అమెరికాతో అమలులోకి వచ్చిన ఒప్పందాల వలన సుంకం ఏటేటా తగ్గుతోంది. చివరి రెండు ఒప్పందాల ప్రకారం 2033 ఆర్థిక సంవత్సరానికి ఇది 9 శాతానికి చేరాలి. అయితే యెన్ విలువ పడిపోయినప్పుడు, ఎగుమతి దేశాలలో మందలు తగ్గినప్పుడు సుంకం తగ్గినంత మాత్రాన ధర తగ్గదు.

కోతలు, ఉపయోగాలు

జపాను దుకాణాలలో మాంసాన్ని పలుచని పొరలుగా కోసి అమ్మడం ఆనవాయితీ. ఎముకతో కూడిన పెద్ద ముక్కలు మామూలు దుకాణాలలో అరుదు. ధరను సాధారణంగా 100 గ్రాములకు రాస్తారు. దానిని కిలో ధర అనుకోరాదు.

* రోసు, సారోయిన్: వీపు భాగం. ఖరీదు ఎక్కువ. స్టేకు, సుకియాకికి వాడతారు.
* హిరె: వెన్ను కింద ఉండే అతి మెత్తని కండ. కొవ్వు తక్కువ, ధర ఎక్కువ.
* మొమొ: తొడ భాగం. కొవ్వు తక్కువ, ధర తక్కువ. వేపుళ్ళకు అనుకూలం.
* బరా: పక్క, పొట్ట భాగం. కొవ్వు ఎక్కువ.
* సునె: కాలి పిక్క. గట్టిగా ఉన్నా ఎక్కువసేపు ఉడికిస్తే జిగురు, రుచి వస్తాయి.
* గ్యూసుజి: నరాలతో కూడిన భాగం. చవకైన వాటిలో ఒకటి. ప్రెషర్ కుక్కరులో ఉడికించాలి.
* కిరిఒతోషి, కొమాగిరే: కోతలో మిగిలిన పొరలు, తునకలు. ఆకారం సరిగా ఉండకపోవడమే వీటి ధర తగ్గడానికి కారణం.

ముక్కలుగా కోసిన మాంసం కావాలంటే కరే-యో, అనగా కూరకు అని రాసిన పొట్లాలు ఎంచుకోవాలి. ఐబికి అనే ఖీమాలో గొడ్డు మాంసంతో పాటు పంది మాంసం కలుస్తుంది. పంది మాంసం తిననివారు గ్యూ-హికినికు అని రాసినదే తీసుకోవాలి.

కొనుగోలు స్థలాలు

పెద్ద డిపార్ట్‌మెంటు స్టోర్ల నేలమాళిగలో మేలిరకం వాగ్యూ అమ్ముతారు. సూపర్‌మార్కెట్లలో మూడు తరగతులూ దొరుకుతాయి. మూసివేసే సమయానికి ముందు గడువు దగ్గరపడిన పొట్లాలపై తగ్గింపు చీటీలు అంటిస్తారు. హంగాకు అంటే సగం ధర. జపనీసు భాషలో 2ను ని అని, 9ను కు అని పలుకుతారు. నికు అంటే మాంసం గనుక ప్రతినెలా 29వ తేదీని మాంస దినంగా భావించి చాలా దుకాణాలు ధరలు తగ్గిస్తాయి. హోటళ్ళకు సరుకు అమ్మే టోకు దుకాణాలలో, 1999లో ఫుకుఒకా సమీపంలోని హిసయామలో తొలి శాఖ తెరిచిన కాస్ట్‌కో వంటి సభ్యత్వ దుకాణాలలో దిగుమతి మాంసం పెద్ద ముక్కలుగా లభిస్తుంది. పేటలోని మాంసం కొట్టులో అడిగితే కావలసిన మందానికి కోసి ఇస్తారు. టోక్యోలోని షిన్-ఒకుబొ వద్ద ఇస్లాం వీధి అని పిలిచే సందులో హలాల్ మాంసం, ఎక్కువగా గడ్డకట్టించినది, దొరుకుతుంది.

జాగ్రత్తలు

పళ్ళెంలో ఎర్రని నీరు ఎక్కువగా చేరిన పొట్లం కొనకపోవడం మంచిది. ఒకదానిపై ఒకటి పేర్చిన పొరల మధ్య మాంసం ముదురు రంగులో ఉండడం గాలి తగలకపోవడం వలన జరుగుతుంది. అది చెడిపోయిన గుర్తు కాదు. చవక స్టేకులలో తునకలను అతికించినవి, కొవ్వును సూదులతో ఎక్కించినవి ఉంటాయి. వీటి చీటీపై ఆ విషయం రాస్తారు. పైన ఉండే సూక్ష్మజీవులు లోపలికి చేరే అవకాశం ఉన్నందున వీటిని లోపలి వరకు బాగా ఉడికించాలి. 2011 ఏప్రిల్‌లో పచ్చి గొడ్డు మాంసం తిని ఐదుగురు మరణించిన తరువాత పచ్చి మాంసంపై నిబంధనలను కఠినం చేశారు. 2012 జూలై నుండి పచ్చి కాలేయం అమ్మకాన్ని నిషేధించారు.

తెలుగువారికి సంబంధించిన విషయాలు

టోక్యోలోని నిషికసాయి ప్రాంతంలో 2000 నాటి నుండి భారతీయ కంప్యూటర్ నిపుణులు ఎక్కువగా స్థిరపడ్డారు. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. తెలంగాణలో పెద్దకూర అని పిలిచేది, హైదరాబాదు కళ్యాణీ బిర్యానీలో వాడేది ఎక్కువగా గేదె, దున్న మాంసం. గాలికుంటు వ్యాధి కారణంగా భారతదేశపు పచ్చి మాంసాన్ని జపాను దిగుమతి చేసుకోదు కనుక ఆ మాంసం అక్కడ లభించదు. దానికి దగ్గరగా ఉండేవి కొవ్వు తక్కువగల ఆస్ట్రేలియా మాంసం, సునె, మొమొ భాగాలు. ఎ5 వాగ్యూను మసాలా కూరగా వండితే కొవ్వు కరిగి నూనెగా తేలుతుంది. పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఉండదు.

ఇంటినుండి మాంసం పచ్చడి, ఎండు మాంసం తీసుకువెళ్ళడం కూడా నిషిద్ధం. సొంత వాడకానికైనా, విమానాశ్రయ దుకాణంలో కొన్నదైనా ఈ నియమం వర్తిస్తుంది. 2020 జూలై నుండి దీనికి మూడేళ్ళ వరకు జైలు లేదా 30 లక్షల యెన్ల వరకు జరిమానా విధించవచ్చు.